అందరికీ ఒకే తాత

నాది కాని ఉత్తరం ఒకటి తొమ్మిదేళ్ళపాటు నా దగ్గర ఉండిపోయింది. చింపలేదు. పారేయలేదు. ఇవ్వవలసిన మనిషికి ఇవ్వలేదు. ఒక రేకుపెట్టెలో, పాత కరెంటు బిల్లుల అడుగున, మడత పెట్టి ఉంచాను. ఈ మధ్యలో రెండుసార్లు ఇల్లు మారాం. బీరువా, మంచాలు, బియ్యం డబ్బా అన్నీ కూలివాళ్ళు మోశారు. ఆ పెట్టె మాత్రం నేనే ఒళ్ళో పెట్టుకుని ఆటోలో తెచ్చాను. అందులో ఏముందని నా భార్య ఒకసారి అడిగితే దస్తావేజులన్నాను. ఆవిడ నమ్మింది. నా మాట నమ్మడం అందరికీ అలవాటు. నా గొడవంతా అక్కడే మొదలైంది.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నా పేరు చెప్పను. ఆ ఉత్తరం అందవలసిన అమ్మాయి పేరు మార్చి రజియా అంటాను. గవర్నర్‌పేటలో నన్ను ఎరిగినవాళ్ళు ఇది చదివితే పోల్చుకుంటారు. పోల్చుకోనివ్వండి. ఇన్నేళ్ళూ వాళ్ళు నాకు పెట్టిన నమస్కారాల్లో కొన్ని నాకు చెందవు. అవి వెనక్కి ఇచ్చేయడానికైనా ఇది పనికొస్తుంది.

గవర్నర్‌పేటలో ఒక కాగితాల హోల్‌సేల్ కొట్టు పైన, మేడ మీద గదిలో నాకు టైపు సెంటరు ఉండేది. మొదట్లో పిల్లలకు టైపు నేర్పేవాణ్ణి. మాస్టారు అన్న పిలుపు అప్పుడు వచ్చిందే. తర్వాత పిల్లలు తగ్గారు, జాబ్ టైపింగ్ మిగిలింది. తొంభైల మొదట్లో నాకో అలవాటు పట్టుకుంది. పొద్దున్నే లైబ్రరీకి వెళ్ళి ఇంగ్లీషు పేపర్లు చివరిదాకా తిరగేసేవాణ్ణి. లోపలి పేజీల్లో, టెండర్ల మధ్య, చిన్న చిన్న డబ్బాల్లో ప్రకటనలు వచ్చేవి. యువ కళాకారులకు ఫెలోషిప్‌లు, చిన్న స్వచ్ఛంద సంస్థలకు గ్రాంట్లు, ఫలానా ప్రదర్శనకు మీ పని ఫోటోలు పంపండి అన్న పిలుపులు. ఢిల్లీలోనో బెంగుళూరులోనో ఎవరో ఇద్దామని కూర్చున్నారు. ఇక్కడ కృష్ణా జిల్లాలో పుచ్చుకోవలసినవాళ్ళు ఉన్నారు. మధ్యలో ఆ చీమతలంత ఇంగ్లీషు అక్షరాలే అడ్డం.

ఆ ప్రకటనల్ని నోటుబుక్కులో రాసుకొచ్చి, తెలుగులో చార్టు మీద పెద్ద అక్షరాలతో రాసి, మా మెట్ల పక్క గోడకు అంటించేవాణ్ణి. ఆఖరు తేదీ ఎర్ర సిరాతో. ఎవరికి ఏది సరిపోతుందో తెలిస్తే కార్డు ముక్క రాసి పడేసేవాణ్ణి. కొండపల్లి నుంచి, బందరు నుంచి, చల్లపల్లి నుంచి జనం రావడం మొదలుపెట్టారు. నాటక సమాజాలవాళ్ళు, డప్పు దళాలవాళ్ళు, మహిళా మండళ్ళవాళ్ళు. మెట్ల మీద చెప్పులు విడిచి పైకొచ్చేవాళ్ళు. టైపు సెంటరుకి చెప్పులు విడవడం ఎక్కడైనా ఉందా? వద్దని చెప్పాను కొన్నాళ్ళు. తర్వాత చెప్పడం మానేశాను.

ఇక్కడ మా పని పద్ధతి ఒకటి చెప్పాలి, లేకపోతే నేను చేసింది మీకు అర్థం కాదు. ప్రతి అప్లికేషన్లోనూ ఉత్తర ప్రత్యుత్తరాలకు చిరునామా అడుగుతారు. పల్లెల నుంచి వచ్చినవాళ్ళందరూ నా చిరునామాయే ఇచ్చేవాళ్ళు. కేరాఫ్ నేను. జవాబు ఎటూ ఇంగ్లీషులో వస్తుంది, దాన్ని పట్టుకుని ఎటూ నా దగ్గరికే రావాలి, అదేదో నేరుగా నాకే వస్తే బస్సు ఖర్చు కలిసొస్తుందని. కవర్లు నేనే విప్పేవాణ్ణి, నేనే చదివేవాణ్ణి, నేనే కార్డు రాసేవాణ్ణి. ఢిల్లీవాళ్ళు చెప్పినది నేను తెలుగులో ఏమంటే అదే. నన్ను దాటి వెళ్ళి సరిచూసుకునే దారి ఎవరికీ లేదు. అది అధికారమని అప్పట్లో నాకు తోచలేదు. సేవ అనుకున్నాను.

ఇక తాత సంగతి.

మొదటి తాత నిజమైనవాడే. కొండపల్లి బొమ్మలు చేసే ఒకాయన ఫెలోషిప్‌కి పెట్టుకోవాలని వచ్చాడు. ఈ పని మీకెలా అబ్బిందో మీ మాటల్లో రాయండి అని ఫారంలో ఉంది. ఆయన చెప్పాడు, నేను రాసుకున్నాను. చిన్నప్పుడు తాత ఒళ్ళో కూర్చుని పొణికి కర్ర ముక్కతో తొలి బొమ్మ చేశాట్ట. మెడ విరిగిపోయింది. తాత తిట్టలేదు. బయట వాన పడుతుంటే ఆ విరిగిన బొమ్మను గుమ్మం ముందు పారే నీళ్ళలో పడవలా వదిలి, పోనీరా, ఇంకోటి చేద్దాం అన్నాట్ట. దాన్ని నేను కష్టపడి, డిక్షనరీ పక్కన పెట్టుకుని, ఇంగ్లీషులో ఒక పేజీ రాశాను. బాగా వచ్చింది. ఫెలోషిప్ వచ్చింది. ఆయన కొండపల్లి నుంచి అరటిగెల తెచ్చి మా బల్ల మీద పెట్టాడు.

ఆ తర్వాత వచ్చిన డప్పు కళాకారుడికి తాత ఉన్నాడా అని అడిగాను. ఉన్నాడు, కానీ డప్పు కొట్టేవాడు కాదన్నాడు. అయినా రాశాను. నా దగ్గర వెలితి లేని ఒక పేరా ఉంది, ఇంకోటి వెతుక్కోవడం దేనికని. అలా మొదలైంది. కంప్యూటరు కొన్నాక మరీ సులువైంది. ఒక మాట వెతికి ఇంకో మాట పెట్టమంటే అదే పెడుతుంది. ఆ తాత వాననీళ్ళలో మెడ విరిగిన బొమ్మలు, పగిలిన డప్పులు, చినిగిన తోలుబొమ్మలు వదులుతూనే ఉన్నాడు. కృష్ణా జిల్లాలో కళ అన్నది ఉన్న ప్రతి ఇంట్లోనూ ఒకే తాత, ఒకే వాన. నాకది తప్పనిపించలేదు. ఢిల్లీవాళ్ళందరూ ఒకే ప్రశ్న అడుగుతున్నారు, నేను ఒకే జవాబు ఇస్తున్నాను, అంతే కదా అనుకున్నాను. నిజంగా అంతే అనుకున్నానా? ఫ్లాపీల మీద పేర్లు రాసేటప్పుడు తాత పేరా ఉన్నదాని మీద మాత్రం ఏమీ రాయలేదు. అంటే ఎక్కడో తెలుసు.

రజియా పెడన నుంచి వాళ్ళ నాన్నతో కలిసి వచ్చింది. కలంకారీ గుడ్డ మీద అద్దకానికి వాడే అచ్చులు చెక్కడం వాళ్ళ పని. టేకు దిమ్మె మీద సన్నటి ఉలితో పువ్వులు, తీగెలు తొలుస్తారు. మామూలుగా మగవాళ్ళు చేసే పని. ఆమె పదమూడో ఏట తండ్రికి చూపు తగ్గడం మొదలైంది. అప్పటినుంచి ఆయన గీత గీసిచ్చేవాడు, ఈమె చెక్కేది. చెక్కాక ఆయన దిమ్మె మీద బొటనవేలు నడిపి, ఇదిగో ఇక్కడ గీత తెగింది అని చెప్పేవాడు. కొన్నాళ్ళకు గీత కూడా ఈమే గీయసాగింది. వచ్చేనాటికి ఆమెకు ఇరవై మూడో ఇరవై నాలుగో ఉంటాయి.

పాత చీర ముక్కలో చుట్టిన అచ్చులు బల్ల మీద పెట్టి, మీ స్టాంపు ప్యాడు ఒకసారి ఇస్తారా అని అడిగింది. ఇచ్చాను. తెల్లకాగితం మీద ఒక దిమ్మె అద్ది తీసింది. నేను చూసింది గుర్రపుడెక్క పువ్వు. కాలవకి అడ్డం పడి నీళ్ళు పారనివ్వదని మనం తిట్టుకుంటామే, అదే. దాని ఊదారంగు పువ్వులో ఆరో రేకు మీద నెమలికన్ను లాంటి మచ్చ ఉంటుందని ముప్పై ఏళ్ళుగా బందరు కాలవ పక్కన తిరిగిన నాకు ఆ రోజే తెలిసింది. ఇంకో దిమ్మె అద్దింది. బ్యారేజీ గేట్లు, వరసగా, చీర అంచులాగా. ఇంకోటి, కోసిన చేలో దిగిన బాతుల మంద. షావుకార్లు ఇవి తీసుకోవడం లేదని చెప్పింది. గుర్రపుడెక్క చీర ఎవరు కడతారమ్మా అని నవ్వుతున్నారట. ఢిల్లీ ఫెలోషిప్ వస్తే ఏడాదిపాటు ఆర్డర్లు పక్కన పెట్టి, ఇలాంటివి నలభై అచ్చులు చెక్కి, తనే గుడ్డ మీద అద్ది చూపించాలని ఆమె ఆశ. రాకపోతే షావుకార్లు అడిగే మామిడిపిందెలే చెక్కాలి. ఆ సంగతి ఆమె ఏడుస్తూ చెప్పలేదు, బస్సు టైము చెప్పినట్టు చెప్పింది.

తన గురించి నాలుగు పేజీలు తెలుగులో రాసి తెచ్చింది. గుండ్రటి చేతిరాత. తండ్రి బొటనవేలు గురించి రాసింది. రాత్రిళ్ళు కరెంటు పోతే కూడా వేలితో తడిమి పని చూసుకోగలనని రాసింది. ఒకసారి కావాలని ఒక గీత తెంపి, నాన్న పట్టుకుంటాడో లేదో చూశానని, పట్టుకుని నవ్వాడని రాసింది. చదివాను. బాగుందని తెలిసింది. అది ఇంగ్లీషులోకి దింపాలంటే రెండు రోజుల పని. నా డిక్షనరీలో లేని మాటలు ఉన్నాయి. బయట ఇంకో ఐదుగురు కూర్చుని ఉన్నారు.

ఇది వాళ్ళ పద్ధతిలో ఉండదమ్మా, నేను రాస్తాలే అన్నాను. ఆమె కాగితాలవైపు చూసింది. మీకు తెలుస్తుంది కదండీ అంది.

బొమ్మ అన్నచోటల్లా అచ్చు అని మార్చాను. కొండపల్లి అన్నచోట పెడన. కొండపల్లివాళ్ళు చేసే దశావతారాల బొమ్మల ప్రసక్తి చూసి తీసేశాను. అంతవరకు తెలివి ఉంది. పావుగంటలో అయిపోయింది. ఫోటోలు పది జత చేసి పంపించాను. పొణికి అన్న మాట అలాగే ఉండిపోయింది. పొణికి మెత్తటి కర్ర, బొమ్మలకు బాగుంటుంది. దానితో అచ్చు చెక్కితే నాలుగు అద్దకాలకు అరిగిపోతుంది. అచ్చు చెక్కేవాళ్ళెవరూ కలలో కూడా ఆ తప్పు రాయరు. రాయించేవాళ్ళే రాస్తారు.

మూడు నెలలకు జవాబు వచ్చింది. ఇంగ్లీషులో ఒక పేజీ. మీ స్వీయ పరిచయం గతంలో వచ్చిన రెండు దరఖాస్తుల్లోని దానితో మాటకు మాట సరిపోతోంది. పైగా అందులో చెప్పిన కర్ర మీరు పంపిన ఫోటోల్లోని పనికి వాడేది కాదు. ఇది మీరు రాసిందేనా? ముప్పై రోజుల్లోగా వివరణ పంపండి. అది అందేవరకు మీ దరఖాస్తును పరిశీలనకు తీసుకోలేము. కింద సంతకం. సంతకం కింద, టైపు కాదు, నీలి సిరాతో ఎవరో చేత్తో ఒక ముక్క రాశారు. ఈ అచ్చుల్లాంటివి నేను ఇంతకుముందు చూడలేదు, దయచేసి తప్పకుండా జవాబు రాయండి అని.

దయచేసి అన్న మాట కింద గీత ఉంది.

జవాబు రాయడానికి ఏం కావాలి? ఆమె రాసిన నాలుగు పేజీలు నా డ్రాయరులోనే ఉన్నాయి. అవి జత చేసి, పరిచయం రాసింది ఈమె కాదు, టైపు చేసిన నేను, తప్పు నాది, ఈమె అసలు మాటలు ఇవి అని నాలుగు వాక్యాలు. నాలుగు వాక్యాలు టైపు చేయడానికి నాకు ఎంతసేపు పడుతుంది? ఆ రోజుల్లో నా స్పీడు గురించి గొప్పగా చెప్పుకునేవాళ్ళు.

బొమ్మలాయన ఫెలోషిప్ వెనక్కి తీసుకుంటారేమో, పాపం ఆయనకు అన్యాయమవుతుందేమో అని మొదటి రోజు అనుకున్నాను. ఆ సాకు నాకు చాలా నచ్చింది. రెండు రోజులు దాన్నే పట్టుకుని తిరిగాను. కానీ ఆయన కథ ఆయనదే, ఆయనకు ఏమీ కాదని మూడో రోజుకి నాకే తెలిసిపోయింది. అసలు సంగతి వేరు. ఇంకో వారం రోజుల్లో నాకు సన్మానం ఉంది.

అవును, సన్మానం. ఊళ్ళోని ఒక సాంస్కృతిక సంఘం వాళ్ళు, మరుగున పడిన కళాకారులకు దారి చూపిస్తున్నందుకు, నాకు శాలువా కప్పుతామన్నారు. ఆహ్వానాలు అచ్చయ్యాయి. నా పేరు పక్కన ఏవేవో విశేషణాలు. మా బావమరిది గుంటూరు నుంచి వస్తానన్నాడు. ఇలాంటప్పుడు ఢిల్లీకి ఆ నాలుగు వాక్యాలు రాస్తే, అవి ఎవరెవరు చదువుతారు, ఎక్కడెక్కడికి పాకుతాయి? సన్మానం కానిచ్చి రాద్దాం అనుకున్నాను. ముప్పై రోజుల్లో పది పోయినా ఇంకా ఇరవై ఉంటాయి. లెక్క బాగానే ఉంది.

ఆ సాయంత్రం హాలు నిండింది. నాతో అప్లికేషన్లు పెట్టించుకున్నవాళ్ళు చాలామంది వచ్చారు. డప్పులు మోగించారు. శాలువా, గంధం, పూలదండ. మాట్లాడిన ప్రతివాళ్ళూ నిస్వార్థం అన్నారు. నాకు ఇబ్బందిగా ఉందని చెప్తే మీరు నమ్మకండి. బాగుంది. ఆ గంటసేపూ రజియా ఉత్తరం నాకు గుర్తు కూడా రాలేదు.

సభ అయ్యాక వరండాలో ఆమె కనిపించింది. పక్కన తండ్రి. పెడన నుంచి పనిగట్టుకుని వచ్చారు. ఆమె నా చేతిలో గుడ్డలో చుట్టిన దిమ్మె ఒకటి పెట్టింది. గుర్రపుడెక్క పువ్వు, ఇదివరకటి దానికంటే చిన్నది, ఇంకా సన్నటి పని. ఆయన చెయ్యి చాపి నా శాలువా అంచు పట్టుకుని బొటనవేలు నడిపాడు.

"మంచి నేతండి. మీకు దక్కాల్సిందే మాస్టారూ," అన్నాడు.

"మా దానికి ఏమైనా జవాబొచ్చిందాండీ?" అని రజియా అడిగింది. "ఇవాళ అడక్కూడదేమో. మళ్ళీ రావాలంటే ఇంకో రోజు పని పోద్దని."

ఇంకా రాలేదమ్మా అంటే సరిపోయేది. అబద్ధమే అయినా ప్రాణం ఉండే అబద్ధం. రేపు దాన్ని నిజం చేసుకోవచ్చు. ఎందుకలా అనలేదు? ఎవరో వెనక నుంచి నన్ను ఫోటోకి పిలుస్తున్నారు. ఆ విషయం అప్పటికప్పుడు తెగిపోవాలనిపించింది.

"వచ్చిందమ్మా. ఈసారికి లేదన్నారు."

ఆమె తలూపింది. "ఏం బాగాలేదన్నారండీ?" అంది.

అడుగుతుందనుకోలేదు. సాధారణంగా ఎవరూ అడగరు. ఢిల్లీవాళ్ళు కాదంటే కాదే.

"ఆలోచన బాగుందన్నారు. చెయ్యి ఇంకా తిరగాలన్నారు," అన్నాను.

"చెయ్యి తిరగలేదన్నారా," అని ఆమె మెల్లగా అని, తండ్రివైపు చూసింది. ఆయన నా శాలువా అంచు వదిలేశాడు. "నేర్పినోడికి చూపు లేదు కదండీ, అదే అయ్యుంటది," అన్నాడు. తర్వాత ఇద్దరూ నాకు మరోసారి నమస్కారం పెట్టి బస్టాండుకి వెళ్ళిపోయారు. నేను వెళ్ళి ఫోటోలో నిలబడ్డాను. ఆ ఫోటో ఇప్పటికీ మా ఇంట్లో ఉంది, నవ్వుతూనే ఉంటాను.

మర్నాడు కూడా ఇరవై రోజులు ఉన్నాయి. అది మీరు గమనించాలి. అబద్ధం ఆడేసిన తర్వాత కూడా సరిదిద్దుకోవడానికి ఇరవై రోజులు ఉన్నాయి. ఇరవై ఇంగ్లీషు పేపర్లు చదివాను, చార్టుల మీద ఎర్ర సిరాతో ఎవరెవరికో ఆఖరు తేదీలు రాశాను. ఒక డప్పు దళంవాళ్ళు రెండు రోజులు ఆలస్యంగా వస్తే, గడువంటే గడువేనయ్యా అని కోప్పడ్డాను కూడా. ముప్పయ్యో రోజున ఆ ఉత్తరం తీసుకెళ్ళి రేకుపెట్టెలో పెట్టాను. ఆమె నాలుగు పేజీలు, పది ఫోటోలు కూడా. తాత పేరా ఉన్న ఫ్లాపీ విరిచి పారేశాను. అంటే తప్పు మానేశాను, సరిచేయలేదు. ఆ తర్వాత ఎవరు ఏం చెప్తే అదే రాశాను, రెండు రోజులు పట్టినా సరే. అది కూడా రజియాకి జరిగిన దానికి ఒక విధంగా చెల్లు అనుకున్నాను. ఆమెకు తెలియకుండా, ఆమెకు అందకుండా, ఆమె బాకీ ఇంకెవరికో తీర్చడం. ఇలాంటి ఏర్పాట్లు మనసు ఎంత చక్కగా చేసుకుంటుందో.

ఆమె మళ్ళీ రాలేదు. తర్వాతి ఏడాది అదే ఫెలోషిప్ ప్రకటన వచ్చింది. చార్టు మీద రాశాను. కార్డు మాత్రం రాయలేదు.

ఆ గుర్రపుడెక్క దిమ్మె మా బల్ల మీద కాగితాలు ఎగరకుండా బరువుగా ఉండేది. వచ్చినవాళ్ళు చేతిలోకి తీసుకుని, ఎవరు చేశారండీ, ఎంత పనితనం అనేవాళ్ళు. పెడనలో ఒకమ్మాయి అనేవాణ్ణి.

రెండువేల సంవత్సరం దాటాక నా పని తగ్గుతూ వచ్చింది. నెట్ సెంటర్లు వచ్చాయి. కుర్రవాళ్ళు వాళ్ళే వెతుక్కుంటున్నారు, వాళ్ళే నింపుకుంటున్నారు. పెద్దవాళ్ళు, మహిళా మండళ్ళవాళ్ళు మాత్రం నా దగ్గరికే వచ్చేవాళ్ళు. సంఘమంటే గుండ్రటి రబ్బరు స్టాంపు ఉండాలి, కార్యదర్శి స్టాంపు ఉండాలి, లేకపోతే అప్లికేషన్ చెల్లదు. మా వీధి చివర మేడ మీద ఒక స్టాంపుల కొట్టు ఉండేది. కొత్త సంఘం ఏది వచ్చినా అక్కడికే పంపేవాణ్ణి. అక్కడ పని శుభ్రంగా ఉండేది, అక్షరం అంచు ఎక్కడా చెదిరేది కాదు. ఏళ్ళ తరబడి ఆ స్టాంపులే కొట్టించాను. ఈ వానాకాలం చల్లపల్లి నుంచి ఒక పెద్దావిడ వస్తే, మోకాళ్ళ నొప్పితో ఇంకోసారి మెట్లెక్కలేనంటే, ఆవిడ తరఫున స్టాంపు తేవడానికి మొదటిసారి నేనే పైకి వెళ్ళాను.

లోపల కిటికీ దగ్గర రబ్బరు ముక్క మీద వంగి, సన్నటి చాకుతో అక్షరాలు కోస్తూ రజియా ఉంది.

ఆమే నన్ను ముందు గుర్తుపట్టింది. లేచి నిలబడి కుర్చీ లాగింది. ఆ కొట్టు వాళ్ళ దూరపు బంధువుది. సన్మానం జరిగిన ఏడాది చివర్లోనే ఇక్కడికి వచ్చేసిందట. పెడనలో ఉలి ఎవరికో ఇచ్చేశానంది. తిరగని చేతితో చెడగొట్టేకంటే ఇదే నయం కదండీ, అక్షరాలైతే అందరివీ ఒకటే అంది. తండ్రి పోయి మూడేళ్ళయింది. చివరిదాకా ఆయన అనేవాడట, నాకు చూపున్నప్పుడే నేర్పుంటే దాని చెయ్యి తిరిగేదని.

ఆ తర్వాత ఆమె అన్నది ఇది. "మీరు మొహమాటపడకుండా నిజం చెప్పబట్టి సరిపోయిందండి. లేకపోతే ఇంకా ఆ పిచ్చిలోనే ఉండేదాన్ని," అంది. మామూలుగా అంది. టీ తెప్పించింది. నేను తాగాను. స్టాంపు తీసుకుని వచ్చేశాను.

నాకు ధైర్యం కూడడానికి మళ్ళీ ఒక నెల పట్టింది. గడువులు నాకు అచ్చిరావు. ఆ నెలలో ఎన్ని వాదనలు పెట్టుకున్నానో. ఇప్పుడు చెప్తే ఆమెకు ఏం ఒరుగుతుంది? ఉన్న శాంతి పోవడం తప్ప? నా బరువు దింపుకోవడానికి ఆమె నెత్తిన పెట్టడం కాదా ఇది? ఇవన్నీ మంచి ప్రశ్నలే. కానీ ఒకటి గమనించాను. ప్రతి ప్రశ్నా చివరికి నేను నోరు మూసుకుని ఉండొచ్చు అన్న చోటికే తీసుకొచ్చి దింపుతోంది. అప్పుడు వాటిని నమ్మడం మానేశాను.

ఆ ఉత్తరాన్ని తెలుగులో రాశాను. కంప్యూటరు మీద కాదు, చేత్తో. ఉన్నది ఉన్నట్టు, మాటకు మాట. కింద నీలి సిరా వాక్యం నీలి సిరాతోనే రాసి, దయచేసి అన్నదాని కింద గీత కూడా గీశాను. అసలు ఉత్తరం, నా తెలుగు కాగితం, ఆమె నాలుగు పేజీలు, పది ఫోటోలు, ఆ దిమ్మె ఒక సంచిలో పెట్టుకుని పోయిన మంగళవారం పొద్దున్నే వెళ్ళాను. కొట్టు అప్పుడే తీశారు. ఆమె ఒక్కతే ఉంది. ఇది నీకు తొమ్మిదేళ్ళ కిందట రావలసిన ఉత్తరం, నా దగ్గర ఉండిపోయింది, నేనే ఉంచేశాను అని చెప్పి తెలుగు కాగితం ఇచ్చాను. తాత సంగతి, పొణికి సంగతి కూడా చెప్పాను. అనుకున్నంత కష్టం కాలేదు. మాటలు వాటంతటవే వచ్చాయి.

ఆమె నిలబడే చదివింది. వేలు వరస కింద పెట్టి, తొందరపడకుండా. చివరిదాకా చదివింది. నీలి సిరా దగ్గర వేలు కాసేపు ఆగింది. తర్వాత మళ్ళీ పైనుంచి మొదలుపెట్టింది. రెండోసారి చదివేటప్పుడు ఏదో వెతుకుతున్నట్టు కనిపించింది. కాగితం తిప్పి వెనకవైపు చూసింది. అసలు ఇంగ్లీషు ఉత్తరం తీసుకుని అది కూడా వెనకాముందూ చూసింది.

"చెయ్యి తిరగలేదని ఎక్కడ రాశారండీ? నాకు కనపడట్లేదు," అంది.

ఈ ప్రశ్నకు నేను సిద్ధపడి రాలేదు. తిడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. ఆ వాక్యం కోసం వెతుకుతుందనుకోలేదు.

"అందులో లేదమ్మా," అన్నాను. "వాళ్ళు అనలేదు. ఆ మాట నేనన్నదే."

ఆమె కాగితాలు మడిచి డ్రాయరులో పెట్టుకుంది. దిమ్మె మాత్రం చేతిలోనే ఉంచుకుంది. కిందనుంచి ఎవరో స్టాంపు అయిందా అని కేకేశారు. అవుతుంది, పైకి రండి అని వాళ్ళకు చెప్పింది. నన్ను వెళ్ళమనీ అనలేదు, కూర్చోమనీ అనలేదు. నేనే మెట్లు దిగి వచ్చేశాను.

క్షమించమని అడగలేదు. అడిగితే ఆమె మర్యాదకొద్దీ పోనీలెండి అనేది, దాన్ని కూడా నేను తెచ్చుకుని పెట్టెలో దాచుకునేవాణ్ణి. తేలికగా ఉందా అంటే, ఉంది. సిగ్గుగానే ఉంది ఆ మాట చెప్పడానికి. తొమ్మిదేళ్ళుగా ఢిల్లీవాళ్ళ పేరు మీద తిరుగుతున్న నా మాటను తిరిగి నా పేరు మీద వేసుకున్నాను. మా ఇంట్లో ఆ రేకుపెట్టె ఇప్పుడు ఖాళీ. అందులో కరెంటు బిల్లులే ఉన్నాయి.